చిన్న అంటే ఎంత చిన్న? రేవు నుంచి రొయ్య దాకా మాటల కొలతలు

క్లుప్తంగా: తెలుగులో చిన్నదనాన్ని చెప్పే మాటలన్నీ ఒకే కొలతకు లొంగవు. ఒకటి పొడవును, ఒకటి మందాన్ని, ఒకటి వయసును, మరొకటి విలువను, ఇంకొకటి ముద్దును చెబుతుంది. ప్రభుత్వ శాఖలు, వ్యాపారులు ఈ మాటలను తమ హద్దులకు పేర్లుగా తీసుకున్నాక, పాత అర్థం ఒకవైపు, కొత్త హద్దు మరోవైపు లాగుతున్నాయి. వార్త చదివేవారికి తికమక కలిగేది ఈ లాగులాటలోనే.

విశాఖపట్నంలో ఓడలు రెండు పెద్ద రేవులకు వస్తాయి. 1933లో మొదలైన విశాఖ పోర్టు ‘మేజర్’ రేవు. దానికి దక్షిణాన, ఉక్కు కర్మాగారానికి చేరువలో ఉన్న గంగవరం ‘మైనర్’ రేవు. ఈ మాటను తెలుగు చేసి ‘చిన్న ఓడరేవు’ అని రాయడమూ ఉంది. ఆ పేరు చదివి అక్కడికి వెళ్ళినవారికి కనిపించేది వేరు. దాదాపు 20 మీటర్ల లోతుతో దేశంలోని అత్యంత లోతైన రేవుల్లో గంగవరం ఒకటి. రెండు లక్షల టన్నుల సరుకు మోసే ఓడలు కూడా అక్కడ ఆగగలవు.

మరి అది ‘చిన్న’ ఎలా అయింది? మేజర్ రేవులు కేంద్ర ప్రభుత్వ అజమాయిషీలో ఉంటాయి. మొదట 1963 నాటి చట్టం, దాని స్థానంలో 2021లో వచ్చిన మేజర్ పోర్టు అథారిటీల చట్టం వాటి కోసమే. తక్కిన రేవులు రాష్ట్రాల పరిధిలోకి వస్తాయి. వాటి లోతు ఎంతైనా, ఏటా ఎంత సరుకు దిగినా పేరు మాత్రం మైనరే. ఇక్కడ ఆ మాట చెప్పేది పెత్తనం ఎవరిదన్న సంగతి ఒక్కటే. రేవు ఎంతుందో తెలుసుకోవడానికి అది పనికిరాదు.

ఇలాంటివి రోజూ కళ్ళబడుతూనే ఉంటాయి. చిన్నకారు రైతు, సూక్ష్మ పరిశ్రమ, అల్పపీడనం, చిరుధాన్యం, మినీరత్న. వీటిలో ఏది కనిపించినా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది దేన్ని కొలుస్తోంది? గీత ఎవరు గీశారు?

చిన్న: ముందు వరుస, తరువాతే పరిమాణం

‘చిన్న’ అన్నది తెలుగులో అందరికీ అందుబాటులో ఉన్న మాట. దీని పనిలో సగం పరిమాణంతో సంబంధం లేనిది. చిన్నాన్న ఆరడుగుల మనిషి కావచ్చు, చిన్నత్త ఇంటికంతటికీ పెద్దదిక్కు కావచ్చు. ఆ పిలుపు పుట్టిన వరుసను చెబుతుంది. పిన్ని అన్న పిలుపులో ‘పిన్న’ అనే పాత మాట ఇంకా బతికే ఉంది. విడిగా చూస్తే ‘పిన్న వయస్కుడు’ వంటి పత్రికల మాటల్లోనూ, ‘పిన్నా పెద్దా’ అన్న జంటలోనూ తప్ప అది అంతగా వినిపించడం లేదు.

ఊళ్ళ పేర్లలోనూ ఇదే వరుస. పెదవాల్తేరు, చినవాల్తేరు, పెదగంట్యాడ, చినగంట్యాడ, పెదగదిలి, చినగదిలి. సమాసంలో చేరేసరికి ద్విత్వం జారిపోయి పెద్ద ‘పెద’గా, చిన్న ‘చిన’గా మారాయి. పేరు పెట్టిన నాటి గ్రామాలు నగరంలో కలిసిపోయాయి, పొలాల స్థానంలో మేడలు లేచాయి. ఇప్పుడు ఆ ‘చిన’ను చూసి పేట విస్తీర్ణాన్ని అంచనా వేయడం కుదరదు. అది జంటలో ఒకదాన్ని రెండోదాని నుంచి వేరు చేసే గుర్తుగా మిగిలింది. ఇంగ్లీషు అక్షరాల్లో ఈ ‘చిన’కూ చైనా దేశం పేరుకూ తేడా ఉండదు కాబట్టి, నగరానికి కొత్తగా వచ్చినవారు బోర్డు చూసి ‘చైనా వాల్తేరు’ అని చదివే అవకాశం ఎప్పుడూ ఉంది. తెలుగు లిపిలో పేరు పెద్దగా రాయడం ఎందుకు అవసరమో ఇలాంటి చోటే తెలుస్తుంది.

ఉత్తరాంధ్రలో చిన్నపిల్లలకు ‘గుంట’ అన్న మాట ఉంది, పిల్లవాడైతే గుంటడు. అదే మాట ఇతర జిల్లాల్లో నేలలోని గొయ్యి. తెలంగాణలో భూమి కొలత, ఎకరంలో 40వ వంతు, అంటే 121 గజాలు. విశాఖలో చిన్న స్థలానికి లెక్క సెంటు. అది ఎకరంలో నూరో వంతు, 48.4 గజాలు. ఒకచోట ‘గుంటే’ అని తేలిగ్గా అనిపించుకునే స్థలం ఇక్కడి లెక్కలో రెండున్నర సెంట్లు అవుతుంది.

చిఱు, కుఱు: చిట్టడవి దట్టమైన కథ

బడిలో తెలుగు చదివినవారికి ద్విరుక్త టకార సంధి గుర్తుండే ఉంటుంది. కుఱు, చిఱు, కడు, నడు, నిడు అనే మాటల చివరి ఱ, డ అక్షరాలకు అచ్చు తగిలితే అవి ‘ట్ట’ అవుతాయని సూత్రం. చిఱు, ఎలుక కలిసి చిట్టెలుక; కుఱు, ఉసురు కలిసి కుట్టుసురు; నిడు, ఊర్పు కలిసి నిట్టూర్పు. 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో ఈ సూత్రాన్ని కూర్చిన పండితుడి పేరు పరవస్తు చిన్నయ సూరి. ఆ పేరులోనూ ఒక ‘చిన్న’ ఉంది.

ఈ ఐదు మాటల జాబితాలో చిన్నదనానికి రెండు మాటలు చోటు చేసుకోవడం గమనించదగ్గది. కుఱు అంటే పొడవు తక్కువ, దానికి ఎదురు నిడు. ‘కురచ’ దాని సంతానమే. చిఱు అంటే మొత్తంగా చిన్నది, లేతది. చొక్కా కురచ అవుతుంది గానీ నవ్వు కురచ కాదు, అది చిరునవ్వే. రెండు వేర్వేరు కొలతలకు రెండు వేర్వేరు మాటలు భాషలో మొదటి నుంచీ ఉన్నాయి.

అదే సూత్రానికి మరో ఉదాహరణ చిట్టడవి. వ్యుత్పత్తి ప్రకారం అది చిన్న అడవి, పొదలు ఒత్తుగా అల్లుకున్న చోటు. అయితే కథలు చెప్పే పెద్దవాళ్ళ నోట ‘కాకులు దూరని కారడవి, చీమలు దూరని చిట్టడవి’ అని జంటగా వినీ వినీ, ఆ మాటలో చిన్నదనం అణగిపోయి దట్టదనం పైకి వచ్చింది. చీమే దూరలేని చోటు అంటే ఎంత దట్టమో అని విన్న పిల్లవాడు ఊహించుకుంటాడు గానీ, ఎంత చిన్నదో అని ఊహించుకోడు. నేడు వార్తల్లో చిట్టడవి అంటే మనిషి దారి తప్పే పెద్ద అడవి. చిన్న అన్న ముక్కతో మొదలైన మాట ప్రాస బలంతో పెద్దదానికి పేరైంది.

చిరుకు మరో చిక్కు కూడా ఉంది. సంస్కృతంలో ‘చిర’ అంటే చాలాకాలం. చిరస్మరణీయం, చిరస్థాయి, చిరంజీవి ఈ కోవలోనివి. తెలుగు చిఱులో బండి ఱ ఉన్నంతకాలం రెంటికీ రాతలో తేడా ఉండేది. ఆధునిక రాతలో ఱ తప్పుకోవడంతో చిర, చిరు పక్కపక్కన నిలిచాయి. ఒకటి దీర్ఘకాలం, ఒకటి చిన్నది. ‘చిరకాల స్నేహం’ అనవలసిన చోట ‘చిరుకాల స్నేహం’ అని రాస్తే అర్థం తలకిందులవుతుంది. మధ్యలో ఉన్నది ఒక్క కొమ్ము.

తృణం నుంచి చిరుకు

చిరు అన్న మాటకు ఇటీవల దక్కిన పెద్ద గౌరవం చిరుధాన్యాలు. కొర్రలు, సామలు, ఊదలు, అరికెలు, ఉత్తరాంధ్ర వారు చోళ్ళు అని పిలిచే రాగులు ఒకప్పుడు తృణధాన్యాలు. తృణం అంటే గడ్డి. ఇవి గడ్డిజాతి పంటలే కాబట్టి శాస్త్రం ప్రకారం తప్పులేదు. కానీ తెలుగులో తృణప్రాయం, తృణీకరించు అన్న మాటలు కూడా ఉన్నాయి. విలువ లేనిదన్న నీడ ఆ పేరులోనే పడింది. ప్రభుత్వ పత్రాల్లో ‘ముతక ధాన్యాలు’ అన్న పేరు ఆ నీడను మరింత పెంచింది.

2018లో కేంద్రం వీటిని పోషక ధాన్యాలుగా ప్రకటించింది. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. అదే ఏడాది కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో ‘శ్రీ అన్న’ అన్న పేరు వచ్చింది. తెలుగువారి నోట మాత్రం చిరుధాన్యాలే నిలబడింది. చిరునవ్వు, చిరుగాలి, చిరుజల్లు సరసన చేరడంతో ఆ మాటకు అప్పనంగా కొంత ముద్దు కూడా వచ్చింది. జొన్న, సజ్జ మరీ చిన్న గింజలు కాకపోయినా అదే గొడుగు కిందికి చేరాయి. ఏజెన్సీ గ్రామాల్లో రోజువారీ తిండిగా ఉన్న గింజ, నగరంలో ఆరోగ్యం పేరుతో బియ్యం కంటే ఎక్కువ ధరకు అమ్ముడవుతోంది. ధరకు కారణాలు వేరే ఉన్నా, పేరు మారడం ఆ అమ్మకానికి దారి వేసింది.

అల్పం అన్నది పీడనానికే

బంగాళాఖాతం ఒడ్డున ఉన్న నగరంలో అన్నిటికంటే జాగ్రత్తగా చదవవలసిన చిన్నమాట అల్పపీడనం. అల్ప అనగానే తెలుగు చెవికి ‘లెక్కలోనిది కాదు’ అన్న భావం తోస్తుంది. అల్పుడు, అల్పబుద్ధి, అల్పసంతోషి అన్న మాటల బరువు అలాంటిది. కానీ అల్పపీడనంలో ఆ విశేషణం అంటుకున్నది పీడనానికి. గాలి ఒత్తిడి చుట్టుపక్కల కంటే తగ్గిన ప్రాంతం అని మాత్రమే దాని అర్థం. ప్రమాదం అల్పమని ఆ మాట ఎక్కడా చెప్పదు.

వాతావరణ శాఖ మెట్లు గాలి వేగాన్ని బట్టి ఉంటాయి. గంటకు 31 కిలోమీటర్ల లోపు గాలులుంటే అల్పపీడనం, 31 నుంచి 49 దాకా వాయుగుండం, 50 నుంచి 61 దాకా తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుఫాను. ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు ఎంత త్వరగా ఎక్కవచ్చో విశాఖ 2014లో చూసింది. అక్టోబరు 6న అండమాన్ సముద్రం వైపు అల్పపీడనంగా కనిపించినది 8వ తేదీకి హుద్‌హుద్ తుఫాను అయింది. 12న గంటకు 170 కిలోమీటర్లకు పైబడిన గాలులతో విశాఖ దగ్గర తీరం దాటింది. అల్పపీడనాలన్నీ ఇలా మారవు, చాలావరకు వానతో సరిపెడతాయి. అయినా పేరులోని ‘అల్ప’ను చూసి వేటకు పడవ దించడం ప్రమాదమే.

‘తేలికపాటి వర్షం’ కూడా ఇలాంటిదే. 24 గంటల్లో 2.5 నుంచి 15.5 మిల్లీమీటర్ల దాకా కురిస్తే శాఖ లెక్కలో తేలికపాటి, 64.5 దాటితే గానీ భారీ అనరు. ఆ 15 మిల్లీమీటర్లు రోజంతా తుంపరగా పడవచ్చు, అరగంటలో కుమ్మరించవచ్చు. కొండ వాలు నుంచి నీళ్ళు దిగే పల్లపు వీధిలో ఆ రెండూ ఒకటి కావు. మాట మాత్రం రెండింటికీ ఒక్కటే.

బుల్లి, పొట్టి, మినీ

టీవీని తమిళులు చిన్నత్తిరై అంటారు, కన్నడిగులు కిరుతెరె అంటారు. కన్నడ కిరు మన చిరుకు తోబుట్టువు. కన్నడ కివి మనకు చెవి, కై మనకు చేయి అయినట్టే క తెలుగులో చ అయింది. కాబట్టి మనకు చిరుతెర అన్న పేరు సహజంగా రావలసింది. తెలుగువారు దానికి బదులు బుల్లితెర అన్నారు. ఇంట్లో పిల్లలను పిలిచే మాటను పెట్టెకు పెట్టారు. గోడంత టీవీలు వచ్చినా అది బుల్లితెరే. బుల్లి మనుషుల పేర్లలోనూ నిలిచింది. ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన లంకపల్లి బుల్లయ్య పేరుతో నగరంలో కళాశాల ఉంది. ఆ పేరు పలికేటప్పుడు చిన్నదన్న భావం ఎవరికీ తోచదు.

పొట్టి దారి వేరు. మనిషిని అంటే నొచ్చుకునే మాట అది. ఇరవై ఓవర్ల ఆట వచ్చాక ‘పొట్టి క్రికెట్’గా క్రీడాపేజీలకెక్కి, ఎత్తును వదిలి కాలాన్ని కొలవడం మొదలుపెట్టింది.

మినీ ఇప్పుడు తెలుగు మాటే. మినీ లారీ, మినీ టిఫిన్, మినీ స్టేడియం అంటే ఎవరికీ సందేహం రాదు. మినీరత్న దగ్గరే చిక్కు. 1948లో జలఉష అనే ఓడను నీళ్ళలోకి దించిన హిందుస్థాన్ షిప్‌యార్డు మినీరత్న సంస్థ, ఉక్కు కర్మాగారం నవరత్న సంస్థ. ఇవి ప్రభుత్వ రంగ సంస్థలకు పెట్టుబడుల్లో ప్రభుత్వం ఇచ్చే స్వేచ్ఛకు మెట్లు. మినీరత్న మొదటి శ్రేణి సంస్థ తన నికర విలువకు లోబడి 500 కోట్ల రూపాయల దాకా పెట్టుబడిని ప్రభుత్వాన్ని అడగకుండా నిర్ణయించుకోవచ్చు. ఆ అంకె పక్కన మినీ అన్న మాట మినీ టిఫిన్‌లోని అర్థంతో చదవడానికి వీల్లేదు.

‘లేదు’ను అంటిపెట్టుకున్న మాటలు

కొన్ని కొలతలు తమ వస్తువును పోగొట్టుకుని మాటగా మాత్రం బతుకుతున్నాయి. వీసం అంటే పదహారో వంతు. రూపాయికి పదహారు అణాలున్న రోజుల్లో అది చేతి లెక్క. 1957 ఏప్రిల్ 1న రూపాయి నూరు పైసలైంది. 2011 జూన్ 30 తరువాత పావలా నాణెం కూడా చెల్లకుండా పోయింది. వీసం మాత్రం ‘వీసమెత్తు అనుమానం లేదు’ అన్న చోట ఉండిపోయింది. చిల్లిగవ్వ, ఇసుమంత, దమ్మిడీ కూడా అంతే. చేతిలో చిల్లిగవ్వ లేదంటారు గానీ, చిల్లిగవ్వ ఉందని ఎవరూ అనరు. అతి చిన్న కొలత వాడుక నుంచి తప్పుకున్నాక, శూన్యాన్ని గట్టిగా చెప్పే పనికి కుదురుకుంటుంది.

పావలా మాత్రం ఆ దారిన పోలేదు. పావలా వడ్డీ అంటే నెలకు వందకు పాతిక పైసలు, ఏడాదికి 3 శాతం. నాణెం పోయినా రేటు పేరుగా అది నేటికీ ఖచ్చితమైన లెక్క.

అంకె పెరిగితే సైజు తగ్గే చోటు

ఫిషింగ్ హార్బరులో గానీ చెరువు గట్టున గానీ రొయ్య బేరం సాగేటప్పుడు చిన్న, పెద్ద అన్న మాటలు వినిపించవు. మంచు ముక్కల మధ్య నుంచి గుప్పెళ్ళతో తీసి కాటాలో వేస్తారు, కిలో తూగాక లెక్కపెడతారు. ముప్పై తూగితే 30 కౌంటు, వంద తూగితే 100 కౌంటు. 30 కౌంటు రొయ్య ఒక్కొక్కటి 33 గ్రాములు, 100 కౌంటు రొయ్య 10 గ్రాములే. అంకె ఎంత పెద్దదైతే రొయ్య అంత చిన్నది, ధర అంత తక్కువ. కొత్తగా ధరల పట్టిక చూసినవారు తలకిందులుగా అర్థం చేసుకునేది దీన్నే.

అమెరికాకు వెళ్ళే పెట్టెల మీద లెక్క మళ్ళీ మారుతుంది. అక్కడ కౌంటు పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు. పెట్టె మీద 30 అని ఉన్న రొయ్యా, గట్టున 30 కౌంటు అన్న రొయ్యా ఒకటి కావు. గట్టుమీది రొయ్య రెట్టింపు కంటే పెద్దది. పలాస జీడిపప్పులో 180, 240, 320 రకాలు కూడా పౌను లెక్కే. 180 రకం పెద్ద గుండు, 320 రకం చిన్నది.

పూలబజారు మూరలోనూ, వంటింటి చారెడులోనూ కొలత చేతిదే. ఆ చారెడు కూడా సందర్భాన్ని బట్టి మారుతుంది. చారెడు బియ్యం అంటే ఇంట్లో ఏమీ మిగలలేదని అర్థం. చారెడేసి కళ్ళు అంటే ఎంత పెద్ద కళ్ళో అని మురిసిపోవడం.

సన్నకారు, చిన్నకారు, సూక్ష్మ

డబ్బుతో నేరుగా ముడిపడిన మాటలు ఇవి. రైతుల లెక్కలో హెక్టారు లోపు, అంటే సుమారు రెండున్నర ఎకరాల లోపు కమతం ఉంటే సన్నకారు. ఒకటి నుంచి రెండు హెక్టార్ల దాకా చిన్నకారు. సన్న అంటే మందం తక్కువ. బియ్యంలో సన్నదనానికి ఎక్కువ ధర, కమతంలో సన్నదనానికి ఎక్కువ కష్టం. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాల్లో సుమారు 86 శాతం ఈ రెండు తరగతులవే. పేరుకు చిన్న, సంఖ్యకు అత్యధికం.

పరిశ్రమల్లో సన్న స్థానాన్ని సంస్కృతం నుంచి తెచ్చుకున్న సూక్ష్మ తీసుకుంది. 2006 నాటి చట్టంలో తయారీ సంస్థ యంత్రాల మీద పెట్టిన పెట్టుబడి 25 లక్షల రూపాయల లోపు ఉంటే సూక్ష్మ, 5 కోట్ల దాకా చిన్న. 2020 జులైలో సూక్ష్మ హద్దు కోటి రూపాయల పెట్టుబడి, 5 కోట్ల టర్నోవరు, అంటే ఏడాది అమ్మకాల మొత్తం, అయింది. 2025 ఏప్రిల్ 1 నుంచి అది రెండున్నర కోట్ల పెట్టుబడి, 10 కోట్ల టర్నోవరు. చిన్న పరిశ్రమకు ఇప్పుడు 25 కోట్లు, 100 కోట్లు. పెట్టుబడి, టర్నోవరులలో ఏ ఒక్కటి దాటినా పై తరగతికి పోవలసిందే. ఎగుమతుల రాబడిని మాత్రం టర్నోవరులో కలపరు. అందువల్ల సముద్రపు ఉత్పత్తులను ఎక్కువగా విదేశాలకే పంపే సంస్థ, వ్యాపారం వంద కోట్లు దాటినా ‘చిన్న’గానే ఉండగలదు.

రెండు గీతలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. రైతు గీత భూమి మీద గీసినది. హెక్టారు ఏళ్ళు గడిచినా హెక్టారే. పరిశ్రమ గీత రూపాయల్లో గీసినది. రూపాయి విలువ తగ్గేకొద్దీ జరగక తప్పదు. కానీ పెట్టుబడి హద్దు రెండు దశాబ్దాలు తిరగకముందే పది రెట్లయింది. ధరల పెరుగుదల ఒక్కటే దీనికి కారణం కాదు. హద్దు దాటితే రాయితీలు పోతాయన్న భయంతో సంస్థలు ఎదగకుండా ఆగిపోతున్నాయన్న వాదన కూడా దీని వెనుక ఉంది.

ఈ మాటల వెనుక హక్కులున్నాయి. సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు కొన్నవారు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు చెల్లించాలి. కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్ళలో 25 శాతం వీటి నుంచే తీసుకోవాలి. ఉక్కు కర్మాగారం, నౌకా నిర్మాణ కేంద్రం ఉన్న నగరంలో గాజువాక ఆటోనగర్ షెడ్లకు ఆ పావు వాటా ఎంతో ముఖ్యం. హద్దు పెరగడంతో, ఎదిగే సంస్థ ఆ రక్షణను పోగొట్టుకోకుండా మరికొంత దూరం వెళ్ళవచ్చు. అదే సమయంలో ఒక్క లేతు మిషన్‌తో నడిచే షెడ్డు, తొమ్మిది కోట్ల టర్నోవరున్న సంస్థ ఒకే ‘సూక్ష్మ’ పేరుతో ఒకే టెండరులో ఎదురుపడతాయి. ఇది చిన్నవారికి మేలు చేసే పోటీ కాదు. సూక్ష్మంలోనే మరో మెట్టు ఉండాలన్న కోరిక ముందుముందు బలపడవచ్చు.

లెక్కల మీద ప్రభావం మరింత త్వరగా కనిపిస్తుంది. 2025 ఏప్రిల్ తరువాత ‘సూక్ష్మ పరిశ్రమల సంఖ్య పెరిగింది’ అన్న వార్త కనిపిస్తే, వాటిలో కొత్తగా తలుపులు తెరిచినవి ఎన్ని, మార్చి 31 దాకా ‘చిన్న’ అనిపించుకుని మర్నాడు ఒక్క యంత్రం కూడా తగ్గకుండానే సూక్ష్మంలోకి దిగినవి ఎన్ని అని విడదీసి చూడాలి.